డాస్ కాలపు వైరస్ ఫైలులోకీ మెమరీలోకీ ఎలా చేరేది?

గౌతమి (అమలాపురం) అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నేను ఇక్కడి ఒక డిగ్రీ కళాశాలలో బీఎస్సీ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. పాతకాలపు వైరస్‌ల గురించి మా పాఠ్యపుస్తకం రెండు వాక్యాలు రాసి ఊరుకుంది. వైరస్ ఒక ప్రోగ్రాం ఫైలుకు అతుక్కుంటుందని, ఆపైన మెమరీలో ఉండిపోయి మిగతా ఫైళ్లకు పాకుతుందని మాత్రమే అందులో ఉంది. అంతటితో తృప్తిపడని పిల్లలు నా తరగతిలో ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంది కాని, వాళ్లు అడిగినవాటికి పుస్తకంలో జవాబులు దొరకడం లేదు.

ప్రోగ్రాం ఎప్పుడూ మొదటి నుంచే నడుస్తుంది కదా, ఫైలు చివర అతికించిన కోడ్ అన్నిటికన్నా ముందు ఎలా అమలవుతుందన్నది మొదటి సందేహం. పైగా అలా అతికించిన తరువాత కూడా అసలు ప్రోగ్రాం ఎప్పటిలాగే ఎలా పనిచేసేదని అడుగుతున్నారు. ప్రోగ్రాం ముగియగానే డాస్ (అప్పటి పీసీలను నడిపిన ఆపరేటింగ్ సిస్టమ్) దాని మెమరీని వెనక్కి తీసుకుంటుంది కాబట్టి వైరస్ మాత్రం అక్కడ ఎలా మిగిలిపోయేదన్నది రెండోది. ఒక్క ప్రోగ్రామూ లేకుండా ఉత్తరాలు, లెక్కలు మాత్రమే ఉన్న ఫ్లాపీ ద్వారా కూడా వైరస్ సోకేదని మా విభాగంలోని పెద్దలు చెబుతుంటారు. అది నిజమైతే ఏ దారిన సోకేదో తెలుసుకోవాలన్నది మూడోది.

వైరస్ రాయడం నేర్పడం నా ఉద్దేశం కాదు. యంత్రం లోపల ఏది ముందు, ఏది తరువాత జరిగేదో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలిగితే చాలు. ఆ యంత్రాలతో పనిచేసినవారు దయచేసి వివరించండి.


ఉండి కాలువ (భీమవరం)

టీచరు గారికి నమస్కారం. తొంభైల తొలి సంవత్సరాల్లో నేను ఇక్కడి ఒక శిక్షణ కేంద్రంలో డీబేస్, ఫాక్స్‌ప్రో నేర్పేవాడిని. మీ మొదటి సందేహానికి నేను జవాబు రాస్తాను. మెమరీ సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు.

డాస్‌లో అమలయ్యే ఫైళ్లు ముఖ్యంగా కామ్, ఈఎక్స్ఈ అని రెండు రకాలు. వాటిలో కామ్ ఫైలు చాలా సాదాసీదాది. దానికి శీర్షిక లాంటిది ఏదీ ఉండదు. డిస్కు మీద ఉన్న బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా మెమరీలోకి తెచ్చి, సెగ్మెంటు అనే ఒక మెమరీ ముక్కలో మొదటి 256 బైట్లు వదిలి, అంటే హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) 100 అనే చిరునామా వద్ద పెట్టి, డాస్ ఆ మొదటి బైటు నుంచే అమలు మొదలుపెడుతుంది. ఫైలు మొదట్లో ఏ ఆదేశం ఉంటే యంత్రానికి అదే మొదటి ఆదేశం అవుతుంది, అది ఎవరు రాశారన్న విచారణ ఎక్కడా లేదు.

1987లో బయటపడ్డ వియన్నా వైరస్ ఈ ఏర్పాటును ఎలా వాడుకున్నదో చూస్తే మీ పిల్లల సందేహం తీరుతుంది. దాని నిడివి 648 బైట్లు. తాను ఎంచుకున్న కామ్ ఫైలులోని మొదటి మూడు బైట్లను చదివి అది తనలో దాచుకునేది, తరువాత ఫైలు చివర తనను తాను రాసుకునేది, ఆ తరువాత ఫైలు మొదట్లోని ఆ మూడు బైట్ల స్థానంలో తన వైపు దూకమని చెప్పే జంప్ ఆదేశాన్ని ఉంచేది. ఆదేశానికి ఒక బైటు, ఎంత దూరం దూకాలో చెప్పే సంఖ్యకు రెండు బైట్లు చాలు కాబట్టి మూడు బైట్లతో పని పూర్తయ్యేది. ఆ ప్రోగ్రాంను ఎవరైనా నడిపినప్పుడు మొదటి ఆదేశమే యంత్రాన్ని ఫైలు చివరకు తీసుకుపోయేది. అక్కడ వైరస్ తన పని ముగించుకుని, దాచిపెట్టిన మూడు అసలు బైట్లను మెమరీలో 100 చిరునామా వద్ద తిరిగి పెట్టి, అక్కడికే దూకేది. డిస్కు మీది ఫైలు మారినది మారినట్టే ఉన్నా, మెమరీలో ఉన్న కాపీ మొదలు ఆ క్షణానికి పూర్వరూపానికి వచ్చేసేది. అందుకే అసలు ప్రోగ్రాం ఏ తేడా లేకుండా నడిచేది, వాడేవారికి అనుమానమూ కలిగేది కాదు.

ఒకసారి సోకిన ఫైలుకే మళ్లీ సోకకుండా వైరస్‌కు ఒక గుర్తు కావాలి. వియన్నా ఎంచుకున్న గుర్తు పిల్లలకు తప్పక చెప్పవలసినది. డాస్ ప్రతి ఫైలుకూ చివరిసారి మార్చిన సమయాన్ని నమోదు చేస్తుంది. అందులో సెకన్లకు అయిదు బిట్లే కేటాయించి, రెండేసి సెకన్ల లెక్కన రాస్తుంది. అయిదు బిట్లలో 31 వరకూ పడుతుంది కాబట్టి అక్కడ 62 సెకన్లు అని రాయడానికి వీలుంది, కాని ఏ గడియారమూ ఆ సమయాన్ని చూపదు. వియన్నా తాను సోకిన ఫైలు సమయంలో సరిగ్గా ఆ 62ను ఉంచేది. డైరెక్టరీ జాబితాలో గంటలు, నిమిషాలు మాత్రమే కనిపిస్తాయి గనుక ఆ గుర్తు వాడేవారి కంట పడేది కాదు. అంతటితో ఆగక, సుమారు ఎనిమిది ఫైళ్లకు ఒకటి చొప్పున, సోకడానికి బదులు ఫైలు మొదటి బైట్లను చెరిపి, నడిపితే యంత్రం తిరిగి మొదలయ్యేలా చేసేది. ఆ ఫైలును బాగుచేయడం సాధ్యమయ్యేది కాదు, ఎందుకంటే అక్కడ అసలు బైట్లను దాచడమంటూ జరగలేదు.

ఈఎక్స్ఈ ఫైలు సంగతి వేరు. దాని మొదట్లో ఎంజెడ్ అనే రెండు అక్షరాలతో మొదలయ్యే శీర్షిక ఉంటుంది. ప్రోగ్రాం పొడవెంత, అమలు ఏ చిరునామా నుంచి మొదలవ్వాలి, స్టాక్ (తాత్కాలిక విలువలు ఉంచే చోటు) ఎక్కడ ఉండాలి అనే వివరాలు అందులో ఉంటాయి. అక్కడ వైరస్ కోడ్‌ను ముట్టుకోవలసిన అవసరమే లేదు. తనను చివర రాసుకుని, శీర్షికలోని ప్రారంభ చిరునామాను తన చిరునామాగా మార్చి, పాతదాన్ని తన దగ్గర ఉంచుకుంటే సరిపోయేది.

అదే సంవత్సరం అక్టోబరులో ఇజ్రాయెల్‌లో కనుగొన్న జెరూసలెం వైరస్ ఈ రెండు రకాలకూ సోకేది. కామ్ ఫైలులో చివరకు పోకుండా ముందు భాగాన తానే కూర్చుని, అసలు ప్రోగ్రాంను వెనక్కి జరిపి, ఫైలు చిట్టచివర అయిదు అక్షరాల గుర్తు పెట్టేది. 1808 బైట్ల వైరస్, 5 బైట్ల గుర్తు కలిసి ఫైలు 1813 బైట్లు పెరిగేది. ఈఎక్స్ఈ ఫైలులో మాత్రం చివర చేరేది, 16 బైట్ల హద్దుకు సర్దుకోవడం కోసం పెరుగుదల 1808 నుంచి 1823 వరకూ ఉండేది. ఆ గుర్తును సరిచూసే పద్ధతి ఈఎక్స్ఈ ఫైళ్ల విషయంలో పనిచేయకపోవడం వల్ల అవే ఫైళ్లు నడిపినప్పుడల్లా మళ్లీ మళ్లీ సోకి, చివరకు మెమరీలో పట్టనంతగా పెరిగిపోయేవి. నా అభిప్రాయంలో ఈ వైరస్ బయటపడడానికి దాని రచయిత చేసిన ఈ పొరపాటే పెద్ద సాయం చేసింది. 13వ తేదీ శుక్రవారం నాడు నడిపిన ప్రోగ్రాంలను తుడిచేయడం దాని అసలు ఉద్దేశం. 1987ను అది వదిలేసేలా రాశారు కాబట్టి మొదటిసారి ఆ గడువు వచ్చింది 1988 మే 13న.


కాకినాడ రేవు (కాకినాడ)

భీమవరం మిత్రులు వియన్నాను ముందుగా ఎంచుకోవడం బాగుంది, ఎందుకంటే అది మెమరీలో నిలిచే రకం కాదు. సోకిన ప్రోగ్రాం నడిచిన ఆ కాసేపట్లోనే ఇంకొక ఫైలును వెతికి సోకి, తన పని ముగించేది. జెరూసలెం రెండో రకానికి చెందినది. ఈ రెండింటినీ విడదీసి చెబితే టీచరు గారి విద్యార్థులకు మెమరీ ప్రశ్న తేలికవుతుంది.

ప్రోగ్రాం ముగిసినా మెమరీలో కొంత భాగాన్ని అట్టిపెట్టుకునే హక్కును వైరస్ దొంగిలించలేదు, డాస్ దాన్ని బాహాటంగా అందరికీ ఇచ్చింది. మౌస్ డ్రైవర్, కీబోర్డు డ్రైవర్, ప్రింటరు వరుసను చూసే ప్రోగ్రాం ఇలాగే పనిచేసేవి. ఒక ప్రోగ్రాం తన పని ముగిశాక ఇంత మెమరీ నాకు ఉంచి మిగతాది తీసుకో అని డాస్‌కు చెప్పడానికి 21హెచ్ అనే ఇంటరప్ట్‌లో (ప్రోగ్రాంలు డాస్ సేవలను కోరే పిలుపులో) 31హెచ్ అనే ప్రత్యేకమైన సేవ ఉంది. ఇక్కడ హెచ్ అంటే హెక్సాడెసిమల్ సంఖ్య అని గుర్తు. జెరూసలెం తాను మెమరీలో చేరాక అసలు ప్రోగ్రాంను నడిపించి, అది పూర్తయ్యాక ఈ సేవనే వాడుకుని నిలిచిపోయేది. మరికొన్ని వైరస్‌లు అడగడం కూడా మాని, డాస్ మెమరీని పంచిన ముక్కల ముందు రాసుకునే 16 బైట్ల నియంత్రణ దిమ్మలను తామే దిద్ది, చివరి ముక్కను కొంత కుదించి, మిగిలిన చోట చేరేవి.

మెమరీలో పడి ఉన్నంత మాత్రాన కోడ్ నడవదు, ఎవరో దాన్ని పిలవాలి. ఆ పిలుపును తన వైపు తిప్పుకోవడమే అసలు కీలకం. మెమరీలో మొట్టమొదటి 1024 బైట్లలో ఇంటరప్ట్ వెక్టర్ పట్టిక ఉంటుంది. అందులో 256 గడులు, ఒక్కొక్కటి నాలుగు బైట్లు. ఒక ప్రోగ్రాం ఫైలు తెరవాలన్నా, వేరే ప్రోగ్రాం నడపాలన్నా 21హెచ్ ఇంటరప్ట్‌ను పిలుస్తుంది. ప్రాసెసర్ ఆ గడిలోని చిరునామా చదివి అక్కడికి పోతుంది. మామూలుగా ఆ చిరునామా డాస్‌ది. వైరస్ ఆ పాత చిరునామాను భద్రపరచి, గడిలో తన చిరునామా రాస్తుంది. అప్పటి నుంచి ప్రతి పిలుపూ ముందు వైరస్‌కు చేరుతుంది, అది తనకు కావలసింది చేసుకుని డాస్‌కు అందిస్తుంది. మన వైపు కాలువ కింద సేద్యం తెలిసిన పిల్లలకు ఇలా చెప్పవచ్చు: పంట బోదెకు ఎగువన ఒకరు గట్టు తెంచి నీటిని తన చేలోంచి పారించి తిరిగి అదే బోదెలో కలిపితే, దిగువ రైతుకు నీరు ఎప్పటిలాగే అందుతుంది, గట్టు వెంట పైకి నడిచి చూస్తే తప్ప అది ఏ దారిన వచ్చిందో తెలియదు.

అన్ని పిలుపులతోనూ వైరస్‌కు పని లేదు. 21హెచ్‌లో ప్రోగ్రాంను నడిపించే సేవ సంఖ్య 4బీహెచ్. ఆ సంఖ్యతో పిలుపు వచ్చినప్పుడు నడవబోయే ఫైలు పేరు కూడా దానితోపాటే వస్తుంది. సోకవలసిన ఫైలు పేరును వాడేవారే స్వయంగా అందించినట్టయింది. వైరస్ డిస్కు అంతా వెతకనక్కరలేదు, డ్రైవు దీపం అకారణంగా వెలగనూ వెలగదు. తాను ఇదివరకే మెమరీలో ఉన్నదా అని తెలుసుకోవడానికి జెరూసలెం డాస్‌లో ఎవరూ వాడని ఒక సేవా సంఖ్యతో పిలిచేది. డాస్ ఇవ్వని ఒక ప్రత్యేకమైన జవాబు వస్తే తన ప్రతి అక్కడ ఉన్నట్టే. దానితోపాటు గడియారపు ఇంటరప్ట్‌ను కూడా పట్టుకుని, సుమారు అరగంట తరువాత యంత్రాన్ని బాగా నెమ్మదింపజేసేది. ఆ నెమ్మదనమే చాలామందికి మొదటి అనుమానం కలిగించింది.


గౌతమి (అమలాపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి మూడు బైట్ల వివరణ రేపటి తరగతిలోనే నల్లబల్ల మీద గీసి చూపిస్తాను. ఒక్కటి అడగనివ్వండి. ఫైలు 1813 బైట్లు పెరిగిందంటే డైరెక్టరీ జాబితాలో కనిపించాలి కదా? జాబితా కూడా డాస్‌ను అడిగే తెచ్చుకుంటుంది గనుక, ఆ పిలుపు మధ్యలో కూర్చున్న వైరస్ తప్పుడు పరిమాణం చూపించగలదా? ప్రోగ్రాంలు లేని ఫ్లాపీ సంగతి కూడా ఇంకా మిగిలే ఉంది.


వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

ఫ్లాపీ సంగతి నేను రాస్తాను, మేడమ్. చాలాకాలం ఈ చుట్టుపక్కల రైసు మిల్లుల్లోనూ, కొబ్బరి వర్తకుల దుకాణాల్లోనూ, డీటీపీ కేంద్రాల్లోనూ యంత్రాలు బాగుచేసిన అనుభవంతో చెబుతున్నాను.

మీ పెద్దలు చెప్పింది నిజం. డాస్‌లో ఫార్మాట్ చేసిన ప్రతి ఫ్లాపీలోనూ, అందులో ఫైళ్లు ఉన్నా లేకపోయినా, మొదటి సెక్టారులో, అంటే డిస్కు మీది మొట్టమొదటి చిన్న భాగంలో, ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. దాన్ని బూట్ సెక్టారు అంటారు, నిడివి 512 బైట్లు. యంత్రం వెలిగినప్పుడు 'ఏ' అనే మొదటి ఫ్లాపీ డ్రైవులో ఫ్లాపీ ఉంటే, యంత్రంలోనే ఉండి దాన్ని మొదలుపెట్టే బయోస్ అనే ప్రోగ్రాం ఆ ఫ్లాపీ మొదటి సెక్టారును మెమరీలో 7సీ00హెచ్ అనే చోటికి తెచ్చి నేరుగా అమలు చేస్తుంది. ఫ్లాపీలో డాస్ లేకపోతే ఇది సిస్టమ్ డిస్కు కాదు, మార్చి ఏదైనా మీట నొక్కండి అనే సందేశం తెర మీద కనిపించేది. ఆ సందేశాన్ని చూపించేది బయోస్ అని చాలామంది అనుకునేవారు. అది ఫ్లాపీ బూట్ సెక్టారులోని ఆ చిన్న ప్రోగ్రాం పని. ఆ ప్రోగ్రాం స్థానంలో వైరస్ ఉంటే, సందేశం కనిపించే సమయానికే వైరస్ నడిచి, మెమరీలో చేరి, హార్డ్ డిస్కులోకి కూడా వెళ్లిపోయి ఉండేది. ఫ్లాపీ తీసి మీట నొక్కినందువల్ల ఏ లాభమూ ఉండేది కాదు.

ఫ్లాపీని డ్రైవులో ఉంచి యంత్రాన్ని ఎవరు వెలిగిస్తారని మీ విద్యార్థులు అడగవచ్చు. మన డెల్టాలో ఆ రోజుల్లో కరెంటు పోయి రావడం నిత్యకృత్యం. ఆడిటరు గారి దగ్గర నుంచో, రాజమండ్రి డీటీపీ నుంచో వచ్చిన ఫ్లాపీ డ్రైవులో ఉండగా కరెంటు పోయి మళ్లీ వస్తే, స్విచ్ వేసి ఉన్న యంత్రం తనంతట తానే వెలిగి ఆ ఫ్లాపీ నుంచే మొదలయ్యేది. ఎవరూ ఏ ప్రోగ్రామూ నడపకుండానే వైరస్ సోకిందని యజమానులు ఆశ్చర్యపోయిన చోట్ల చాలావరకు కారణం ఇదే.

బూట్ వైరస్ మెమరీలో చేరే పద్ధతి వేరు, ఎందుకంటే ఆ సమయానికి డాస్ ఇంకా పుట్టనే లేదు, దాన్ని అడిగి చోటు తీసుకునే వీలు లేదు. అసలు మెమరీ ఎన్ని కిలోబైట్లు ఉందో బయోస్ ఒకచోట రాసి ఉంచుతుంది, సాధారణంగా 640. వైరస్ ఆ సంఖ్యను తగ్గించి, తగ్గించిన మేర పై అంచున తాను చేరేది. తరువాత వచ్చే డాస్ ఆ సంఖ్యను నమ్మి, ఆ భాగం జోలికి పోయేది కాదు. న్యూజిలాండ్‌లో పుట్టిన స్టోన్డ్ ఇలా 2 కిలోబైట్లు తగ్గించేది. డిస్కు, మెమరీల లెక్క చూపే చెక్‌డిస్క్ అనే డాస్ ప్రోగ్రాంను నడిపితే మొత్తం మెమరీ 6,55,360 బైట్లు ఉండవలసిన చోట 6,53,312 కనిపించేది. నేను ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా మొదట చూసేది ఆ అంకెనే. అయితే కొన్ని యంత్రాల్లో బయోస్ స్వయంగా 1 కిలోబైటు తీసుకుంటుంది, అక్కడ 6,54,336 కనిపించడం మామూలే. కాబట్టి యంత్రం శుభ్రంగా ఉన్నప్పుడే దాని అంకెను ఒక కాగితం మీద రాసి కేబినెట్‌కు అంటించి ఉంచమని చెప్పేవాడిని.

స్టోన్డ్ గురించి ఇంకొక్క మాట. ఫైళ్లు పాడుచేయాలన్న ఉద్దేశం దానికి లేకపోయినా నష్టం మాత్రం చేసింది. ఫ్లాపీలోని అసలు బూట్ సెక్టారును అది ఒక స్థిరమైన చోటికి కాపీ చేసేది. 360 కిలోబైట్ల ఫ్లాపీలో ఆ చోటు మూల డైరెక్టరీ చివరి సెక్టారు. 96 ఫైళ్లు దాటితే తప్ప అక్కడ ఏమీ ఉండదు. 1.2 మెగాబైట్ల ఫ్లాపీలో మాత్రం అదే చోటు డైరెక్టరీలో మూడో సెక్టారు అవుతుంది. 32 ఫైళ్ల తరువాత ఉన్న పదహారు ఫైళ్ల పేర్లు అక్కడ నశించేవి. సీజను లెక్కలన్నీ ఒకే ఫ్లాపీలో పెట్టుకున్న మిల్లు గుమాస్తాకు అది ఎంత దెబ్బో నేను కళ్లారా చూశాను.


కాకినాడ రేవు (కాకినాడ)

టీచరు గారి ఊహ సరైనదే, పిలుపు మధ్యలో కూర్చున్న వైరస్ అబద్ధం చెప్పగలదు, చెప్పింది కూడా. ఐబీఎం పీసీలకు తొలి వైరస్‌గా పేరుపడ్డ బ్రెయిన్, 1986లో లాహోరులోని బాసిత్, అంజద్ ఫారూఖ్ ఆల్వీ సోదరులు రాసినది, పుట్టుకతోనే ఈ విద్య నేర్చుకుని వచ్చింది. అది 360 కిలోబైట్ల ఫ్లాపీలకు సోకే బూట్ వైరస్. అసలు బూట్ సెక్టారునూ, తనలో మిగిలిన భాగాన్నీ మూడు క్లస్టర్లలో (డాస్ ఫైళ్లకు చోటు కేటాయించే డిస్కు ముక్కల్లో) దాచి వాటిని చెడిపోయినవిగా గుర్తుపెట్టేది. డిస్కును నేరుగా చదివే 13హెచ్ ఇంటరప్ట్‌ను తన వైపు తిప్పుకుని, ఎవరైనా బూట్ సెక్టారును చదవబోతే దాచిన అసలు సెక్టారును చూపించేది. వైరస్ మెమరీలో ఉండగా ఎంత వెతికినా శుభ్రమైన సెక్టారే కనిపించేది. 3072 బైట్లు చెడిపోయినట్టు చెక్‌డిస్క్ చూపడం, ఫ్లాపీ పేరు మారిపోవడం మాత్రమే బయటి ఆనవాళ్లు.

ఫైళ్ల విషయంలో ఇదే పని చేసినది ఫ్రోడో. ఫైలుకు 4096 బైట్లు చేర్చి, జాబితా అడిగినప్పుడు ఆ 4096ను తీసివేసి చూపించేది, ఫైలును చదవబోతే సోకని రూపాన్నే అందించేది. తాను సోకిన ఫైలు సంవత్సరానికి 100 కలిపి గుర్తు పెట్టుకునేది. డాస్ జాబితాలో సంవత్సరానికి చివరి రెండు అంకెలే కనిపించేవి కాబట్టి అదీ కంట పడేది కాదు. కాని ఏ ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉందో చూపే కేటాయింపు పట్టిక మాత్రం నిజమే చెప్పేది, అందువల్ల రెండింటినీ పోల్చే చెక్‌డిస్క్‌కు లెక్క కుదిరేది కాదు. ఆ స్థితిలో లోపాలను సరిదిద్దమని ఆదేశిస్తే బాగున్న ఫైళ్లు కూడా చెడిపోయేవి.

అన్నిటికన్నా క్రూరమైన ఉదాహరణ 1989 నాటి బల్గేరియా వైరస్ డార్క్ అవెంజర్. అది నడిపిన ఫైళ్లకే కాక, తెరిచిన ఫైళ్లకు కూడా సోకేది. వైరస్ మెమరీలో ఉందని గమనించని యాంటీవైరస్ ప్రోగ్రాం డిస్కులోని ప్రతి ఫైలునూ పరీక్ష కోసం తెరిస్తే, ఆ పరీక్షతోనే ప్రోగ్రాంలన్నీ సోకిపోయేవి. అందుకే అప్పటి నియమం ఒక్కటే: రాతకు వీలులేకుండా చేసిన శుభ్రమైన డాస్ ఫ్లాపీతో యంత్రాన్ని మొదలుపెట్టాలి, ఆ తరువాతే చూడాలి. మెమరీలోకి ఎవరు ముందు వస్తే చూసేవారికి ఏమి కనిపించాలో వారే నిర్ణయిస్తారు.


వశిష్ఠ గట్టు (పాలకొల్లు)

దానికి రెండు వివరాలు చేర్చాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మీటలతో తిరిగి మొదలుపెడితే చాలదు. ఆ మీటల పిలుపును కూడా పట్టుకుని, యంత్రం నిజంగా మొదలైనట్టు నటించి మెమరీలోనే ఉండిపోయే వైరస్‌లు వచ్చాయి. స్విచ్ ఆపి, కాస్త ఆగి వెలిగించాలి. అయిదుంబావు అంగుళాల ఫ్లాపీకి పక్క గాడి మీద కాగితం అంటించినా, మూడున్నర అంగుళాలదానికి మూలనున్న చిన్న కిటికీ తెరిచినా, రాయడాన్ని ఆపేది డ్రైవులోని ఎలక్ట్రానిక్ భాగమే గనుక ఏ ప్రోగ్రామూ దాన్ని దాటలేదు.

సీ డ్రైవును ఫార్మాట్ చేసినా స్టోన్డ్ పోలేదని చాలామంది వాపోయేవారు. ఫార్మాట్ ఆదేశం హార్డ్ డిస్కు తొలి సెక్టారును, అంటే విభాగాల పట్టిక ఉండే చోటును ముట్టుకోదు, వైరస్ ఉన్నది అక్కడే. డాస్ 5 నుంచి, హార్డ్ డిస్కును విభాగాలు చేసే ఎఫ్‌డిస్క్ ఆదేశానికి ఎంబీఆర్ అనే గుర్తు జోడిస్తే ఆ సెక్టారులోని కోడ్‌ను తిరిగి రాసేది. కాని మంకీ లాంటి వైరస్ విభాగాల పట్టికను గూఢలిపిలోకి మార్చి వేరే చోట దాచేది. దాని మీద ఈ ఆదేశం వాడితే హార్డ్ డిస్కు అసలు కనిపించకుండా పోయేది. శుభ్రమైన ఫ్లాపీతో మొదలుపెట్టాక సీ డ్రైవులోని జాబితా కనిపిస్తేనే ఆ ఆదేశం జోలికి పోవాలి.


పంటకాలువ (తణుకు)

నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. ఈ పాత వైరస్‌ల నమూనాలు అంతర్జాలంలో దొరుకుతున్నాయి కదా, ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాంలో) నడిపి తరగతిలో చూపిస్తే పిల్లలకు ఇంకా బాగా అర్థమవుతుందేమో మేడమ్?


కాకినాడ రేవు (కాకినాడ)

తమ్ముడూ, ఆ ఉత్సాహం మంచిదే కాని, కళాశాల ప్రయోగశాలలో అది వద్దని నా గట్టి అభిప్రాయం. కొన్ని ఎమ్యులేటర్లు మన కంప్యూటరులోని నిజమైన ఫోల్డరునే లోపలి డిస్కుగా చూపిస్తాయి. అప్పుడు లోపలి వైరస్ రాసేది బయటి ఫైళ్ల మీదే. పైగా అనుమతి లేకుండా ఒక కంప్యూటరులోకి వైరస్‌ను ప్రవేశపెట్టడం మన సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షను కిందికి వస్తుంది. పిల్లలు చూడవలసిన పని తీరును వైరస్ లేకుండానే చూపించవచ్చు.

టీచరు గారు డాస్‌కు బదులుగా ఉచితంగా దొరికే ఫ్రీడాస్‌ను ఒక వర్చువల్ యంత్రంలో పెట్టుకోండి. మౌస్ డ్రైవర్‌ను నడపకముందు, మెమరీలోని బైట్లను చూపే డీబగ్ ప్రోగ్రాంను తెరిచి డీ 0:సీసీ ఎల్4 అని ఇస్తే 33హెచ్ ఇంటరప్ట్ గడిలోని నాలుగు బైట్లు కనిపిస్తాయి. 33హెచ్‌ను నాలుగుతో గుణిస్తే సీసీహెచ్ వస్తుంది, ఆ లెక్కను పిల్లల చేతే చేయించండి. ఆ బైట్లను రాసుకుని, డీబగ్ నుంచి బయటకు వచ్చి, సీటీమౌస్ డ్రైవర్‌ను నడిపి, మళ్లీ అదే చూడమనండి. బైట్లు మారి ఉంటాయి. మెమ్ ఆదేశానికి సీ గుర్తు జోడించి ఇస్తే, పని ముగించి తెర నుంచి వెళ్లిపోయిన ఆ డ్రైవర్ ఎంత మెమరీని అట్టిపెట్టుకుని కూర్చుందో జాబితాలో కనిపిస్తుంది. మారిన బైట్లలో చివరి రెండింటినీ తిరగేసి చదివితే సెగ్మెంటు చిరునామా వస్తుంది. మెమ్‌కు డీ గుర్తు ఇస్తే వచ్చే వివరమైన జాబితాలో ఆ చిరునామా ఎవరి ముక్కలో పడుతుందో వెతికి పట్టుకోమని చెప్పండి. తరువాత 21హెచ్ గడి కోసం 84హెచ్ వద్ద చూడమంటే, అక్కడ ఉండవలసినది ఎవరి చిరునామానో వాళ్లే చెబుతారు.